తొలి అడుగుల వెనుక దారి

చంద్రునిపై తొలుత కాలు మోపినదెవరని ఏ పదేళ్ల బాలుడినైనా అడిగి చూడండి. ప్రశ్న ముగియకముందే 'నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్' అని సమాధానం వస్తుంది. రోదసిలోకి వెళ్లిన తొలి మానవుడెవరంటే 'యూరీ గగారిన్' అంటాడు. తొలి మహిళ ఎవరంటే 'వాలెంతీనా తెరిష్కోవా' అంటాడు. సంవత్సరాలు కూడా పొల్లుపోకుండా అప్పగిస్తాడు. అప్పుడు మరొక్క ప్రశ్న వేయండి. "వారు తిరిగి ఎలా వచ్చారు?" అని అడగండి. బాలుడు తెల్లబోతాడు. ఇందులో అతని దోషమేమీ లేదు. మనం చెప్పిన పాఠంలో వెళ్లడం ఉన్నది గాని రావడం లేదు. విజయం ఉన్నది గాని దానికి చెల్లించిన మూల్యం లేదు. ఒక పేరు ఉన్నది గాని ఆ పేరు వెనుక నిలిచిన వేలాదిమంది లేరు.

మానవుని రోదసీయాన చరిత్రను పిల్లలకు చెప్పడం అవసరమా అని ఎవరూ సందేహించరు. సందేహమంతా ఎలా చెప్పాలన్న విషయంలోనే. పేర్లూ తేదీలూ వల్లె వేయించడం సులభం. ఒక మార్కు ప్రశ్నకు అది చాలు. కాని ఆ చరిత్ర ఒక మార్కు చరిత్ర కాదు. భయం, లెక్క, ఓర్పు, పొరపాటు, దిద్దుబాటు అనే అయిదింటితో అల్లిన చరిత్ర అది. ఆ అయిదింటినీ విడిచి విజయాన్ని మాత్రమే చెబితే, మహాకార్యాలు మహాపురుషులకే సాధ్యమనీ, వారు ఎన్నడూ తప్పు చేయరనీ పిల్లలు భావిస్తారు. ఆ భావన వారికి మేలు చేయదు.

మన సాహిత్యంలో ఈ సందర్భానికి తగిన ఘట్టమొకటి ఉన్నది. సీతను వెదుకుతూ వానరులు దక్షిణ సముద్ర తీరానికి చేరారు. లంక నూరు యోజనాల దూరంలో ఉన్నది. ఎవరు ఎంత దూరం దూకగలరో ఒక్కొక్కరే చెప్పుకున్నారు. ఒకరు పది యోజనాలన్నారు, ఒకరు ఇరవై అన్నారు. వృద్ధుడైన జాంబవంతుడు తొంభై వరకు పోగలనన్నాడు. చివరకు యువరాజైన అంగదుడు నూరు యోజనాలూ దాటగలనని చెప్పి, తిరిగి రాగలనో లేదో సందేహమే అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆలోచన మారిపోయింది. పోగలిగినవాడు చాలడు, పోయి రాగలిగినవాడు కావాలి. హనుమంతుని కీర్తి లంఘనంతో పూర్తి కాలేదు. సీత జాడ తెలుసుకొని మరలివచ్చి, చూచిన సంగతిని చెప్పినప్పుడే పూర్తి అయింది. వాల్మీకి మహర్షికి తెలిసిన ఈ మర్మాన్ని మన ప్రశ్నపత్రాలు మరచిపోయాయి.

1961 మే 25న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ తమ దేశ చట్టసభల ముందు ఒక లక్ష్యాన్ని ప్రకటించాడు. ఆ దశాబ్ది ముగిసేలోగా మానవుణ్ణి చంద్రునిపై దింపి, క్షేమంగా భూమికి తీసుకురావాలన్నది ఆ లక్ష్యం. అందులోని రెండవ సగమే కష్టతరమైనది. అంగదుని సందేహానికి ఇంజినీర్లు ఎనిమిదేళ్లపాటు సమాధానం వెదికారు. పిల్లలకు చెప్పవలసిన అసలు కథ ఈ అన్వేషణమే.

గగారిన్ యాత్రనే తీసుకుందాం. క్లూషినో అనే చిన్న పల్లెలో వడ్రంగి కుమారుడిగా అతడు జన్మించాడు. నాజీ సైన్యం ఆ ఊరిని ఆక్రమించి వారి ఇంటిని లాక్కొంటే, ఆ కుటుంబం మట్టి తవ్వి కట్టుకున్న గుడిసెలో తలదాచుకున్నది. లోహాలను పోతపోసే పని నేర్చుకొని, ఆపైన విమానం నడపడం అభ్యసించిన యువకుడతడు. 1961 ఏప్రిల్ 12న, 27 ఏళ్ల వయస్సులో, వోస్తోక్-1 అనే నౌకలో భూమిని ఒకసారి చుట్టివచ్చాడు. యాత్రకు పట్టిన కాలం 108 నిమిషాలు. మన కళాశాలలో రెండు పీరియడ్ల కాలమది.

భారరహిత స్థితిలో మనిషి మనస్సు నిలుస్తుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుచేత నౌకను నడిపే మీటలకు తాళం వేశారు. ఆ తాళం విప్పే మూడంకెల సంఖ్యను ఒక కవరులో ఉంచి అంటించారు. అవసరమై, బుద్ధి నిలకడగా ఉంటే, కవరు విప్పి ఆ సంఖ్యను నొక్కుకోవాలి. అతణ్ణి అలా పంపడం మనసొప్పక సహచరులు ముందుగానే ఆ సంఖ్యను అతనికి చెప్పివేశారు. వెనుకకు తెచ్చే యంత్రం ఒక్కటే. అది మండకపోతే నౌక తనంత తానే క్రిందికి దిగేవరకు వేచి ఉండాలి. అందుకోసం సుమారు 10 రోజులకు సరిపడే ఆహారం సమకూర్చారు. కాని నౌక అనుకున్నదానికంటే ఎత్తైన కక్ష్యలో ప్రవేశించింది. ఆ యంత్రం పని చేయకపోయి ఉంటే ఆ ఏర్పాటు చాలేది కాదు.

యంత్రం మండింది. అయితే నౌకలోని రెండు భాగాలు విడిపోవలసిన సమయానికి పూర్తిగా విడిపోలేదు. తీగల కట్ట ఒకటి వాటిని పట్టి ఉంచింది. కొన్ని నిమిషాలపాటు నౌక గిరగిర తిరుగుతూ వాతావరణంలోకి జారింది. కిటికీ వెలుపల మంటలు కనిపిస్తున్నాయి. ఆ వేడికే తీగలు కాలి తెగిపోయి గోళం వేరుపడింది. భూమికి సుమారు 7 కిలోమీటర్ల ఎత్తున గగారిన్ ఆసనంతో సహా బయటికి విసరబడి, పారాచూట్‌తో ఒక పొలంలో దిగాడు. నారింజ రంగు దుస్తులతో ఆకాశం నుండి దిగివచ్చిన ఆ ఆకారాన్ని అక్కడ పని చేసుకుంటున్న ఒక రైతు స్త్రీ, ఆమె మనుమరాలు చూచి బెదిరిపోయారు. తాను మీ వాడనేనని అతడు వారికి ధైర్యం చెప్పవలసి వచ్చింది. ఇదంతా విన్న బాలుడు గగారిన్ పేరును మరచిపోగలడా?

ఇంత కథ మనకు తెలియడానికి చాలాకాలం పట్టింది. ఆనాటి నిబంధనల ప్రకారం చాలకుడు తన వాహనంలోనే నేలకు దిగితే గాని ఎత్తుకు సంబంధించిన రికార్డు చెల్లదు. అందుచేత అతడు పారాచూట్‌తో వేరుగా దిగిన సంగతిని సోవియట్ ప్రభుత్వం ఏళ్ల తరబడి దాచిపెట్టింది. ఆ నౌకను నిర్మించిన ప్రధాన రూపశిల్పి సెర్గీ కొరొల్యోవ్ పేరును సైతం దాచింది. స్టాలిన్ కాలంలో కొలిమా నిర్బంధ శిబిరంలో మగ్గి బ్రతికి బయటపడిన ఆ మహనీయుని పేరు లోకానికి తెలిసినది 1966లో ఆయన మరణించిన తరువాతనే. ఇటువంటి దాపరికం వలన కీర్తికి కలిగే నష్టం కొంచెమే. ప్రాణాలకు కలిగే నష్టం మాత్రం తీర్చలేనిది.

గగారిన్ యాత్రకు సరిగ్గా 20 రోజుల ముందు, 1961 మార్చి 23న, అతని సహచరులలో అందరికంటె పిన్నవాడైన వలెంతీన్ బొందరెంకో ఒక మూసిన గదిలో ఏకాంతవాస పరీక్షలో ఉన్నాడు. ఆ గదిలోని గాలిలో ప్రాణవాయువు పాలు చాలా ఎక్కువ. ఒంటికి అంటించిన పరికరాలను తీసివేసి, సారాయిలో తడిపిన దూదితో చర్మాన్ని తుడుచుకొని, దూదిని పారవేశాడు. అది విద్యుత్ పొయ్యిపై పడింది. క్షణంలో గది నిండా మంటలు వ్యాపించాయి. లోపలి పీడనం వలన తలుపు వెంటనే తెరుచుకోలేదు. ఆ 24 ఏళ్ల యువకుడు కొన్ని గంటలలో మరణించాడు. ఈ దుర్ఘటన 1986 వరకు బయటి ప్రపంచానికి చెప్పబడలేదు.

1967 జనవరి 27న అమెరికాలో అపోలో-1 నౌకను నేలపైనే పరీక్షిస్తున్నారు. గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ షాఫీ లోపల కూర్చున్నారు. గది నిండా స్వచ్ఛమైన ప్రాణవాయువు, అదీ బయటి గాలికంటె ఎక్కువ పీడనంతో ఉన్నది. ఎక్కడో ఒక నిప్పురవ్వ పుట్టింది. తలుపు లోపలివైపుకు తెరుచుకునేది. పెరిగిన పీడనం దానిని బిగించివేసింది. ముగ్గురూ మరణించారు. బొందరెంకో మరణం అందరికీ తెలిసి ఉంటే ఈ ముగ్గురూ దక్కేవారా? నిశ్చయంగా చెప్పలేం. ప్రాణవాయువుతో నిండిన గదిలో నిప్పు ఎంత ప్రమాదకరమో అమెరికా ఇంజినీర్లకు తెలియనిదేమీ కాదు. అయినా ఒక చోట జరిగిన తప్పు మరొక చోట పాఠం కావాలంటే ముందుగా అది చెప్పబడాలి. చెప్పని తప్పు ఎవరికీ పాఠం కాదు.

అపోలో-1 ప్రమాదంపై విచారణ బహిరంగంగా జరిగింది. లోపాలన్నీ గ్రంథస్థమైనాయి. తలుపును వెలుపలికి, కొన్ని క్షణాలలో తెరుచుకొనేలా మార్చారు. తేలికగా అంటుకొనే వస్తువులను తొలగించారు. ప్రయోగ సమయంలో ప్రాణవాయువుకు నత్రజనిని కలిపారు. 21 నెలల తరువాత, 1968 అక్టోబరులో అపోలో-7 మనుష్యులతో ఎగిరింది. అదే 1967లో, ఏప్రిల్ 24న, సోయుజ్-1 పారాచూట్ విచ్చుకోక వ్లాదిమిర్ కొమరోవ్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ నౌకను కూడా దిద్దుకున్నారు. దాని సంతతికి చెందిన సోయుజ్-టి11 లోనే 1984 ఏప్రిల్ 3న మన రాకేశ్ శర్మ రోదసికి వెళ్లి క్షేమంగా తిరిగివచ్చాడు. ఆయన క్షేమంలో కొమరోవ్ త్యాగానికి భాగమున్నదని చెప్పకపోతే చరిత్ర అసంపూర్ణమే.

పసిపిల్లలకు మరణాలను గురించి చెప్పడం ఉచితమా అని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణలో అర్థం లేకపోలేదు. ఆరేళ్ల పాపకు చెప్పే తీరు వేరు, పదహారేళ్ల విద్యార్థికి చెప్పే తీరు వేరు. కాని వయస్సును బట్టి వివరాలను తగ్గించవచ్చు గాని అబద్ధం చెప్పరాదు. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో లైకా అనే కుక్కను పంపారు. దానిని తిరిగి తెచ్చే ఏర్పాటు ఆ నౌకలో లేనే లేదు. ఆ కథ విన్న ప్రతి శిశువూ మొట్టమొదట అడిగే ప్రశ్న "అది ఇంటికి వచ్చిందా?" అన్నదే. అది కొన్ని రోజులు హాయిగా జీవించి, బాధ లేకుండా మరణించిందని చాలాకాలం చెప్పారు. కొన్ని గంటలలోనే వేడిమి తాళలేక చనిపోయిందని 2002లో వెల్లడైంది. దానిని పెంచి శిక్షణ ఇచ్చినవారిలో ఒకరైన ఒలేగ్ గజెంకో, ఆ పని చేయకుండా ఉండవలసినదని ముదిమిలో పశ్చాత్తాపపడ్డాడు. శాస్త్రజ్ఞుడు పశ్చాత్తాపపడగలడని తెలుసుకోవడం కూడా విజ్ఞాన విద్యలో భాగమే. ఆ పాప కన్నీరు పెడితే పెట్టనివ్వండి. 1960 ఆగస్టులో బెల్కా, స్త్రెల్కా అనే రెండు కుక్కలు క్షేమంగా తిరిగివచ్చాయని చెప్పి ఆ కన్నీటిని తుడవవచ్చు.

ఇక పేరు వెనుక ఉన్నవారి సంగతి. 1969 జులై 20న అపోలో-11 నుండి విడిపోయిన చంద్రనౌక క్రిందికి దిగుతున్నది. మన గడియారాల ప్రకారం అప్పటికే జులై 21 అర్ధరాత్రి దాటింది. నౌకలోని కంప్యూటర్ హఠాత్తుగా 1202 అనే ప్రమాద సంకేతం ఇచ్చింది. ఆ సంఖ్యకు అర్థమేమిటో ఆర్మ్‌స్ట్రాంగ్‌కు గాని ఆల్డ్రిన్‌కు గాని తెలియదు. యాత్రను విరమించాలా, కొనసాగించాలా అన్నది క్షణాలలో తేలాలి. భూమిపై హ్యూస్టన్‌లో స్టీవ్ బేల్స్ అనే 26 ఏళ్ల యువకుడు కొనసాగించవచ్చునన్నాడు. అతనికి ఆ భరోసా ఇచ్చినవాడు 24 ఏళ్ల జాక్ గార్మన్. గార్మన్ ముందు అటువంటి సంకేతాలన్నింటినీ చేతివ్రాతతో వ్రాసుకున్న పట్టిక ఉన్నది.

ఆ పట్టిక ఎందుకు వచ్చిందో పిల్లలకు తప్పక చెప్పాలి. ప్రయోగానికి కొద్ది రోజుల ముందు జరిపిన అభ్యాసంలో ఇటువంటి సంకేతమే వచ్చినప్పుడు, అర్థం తెలియక బేల్స్ యాత్రను విరమింపజేశాడు. విరమించనవసరం లేదని తరువాత తేలింది. అధికారి అతణ్ణి తొలగించలేదు. ఏ సంకేతానికి ఏమి చేయాలో మొత్తం వ్రాసి పెట్టమన్నాడు. అభ్యాసంలో తప్పిన ఆ యువకుడే అసలు ఘడియలో చంద్రునిపైకి దారి తెరిచాడు. పరీక్షలో ఒక్క మార్కు తగ్గితే లోకమంతా తలక్రిందులైనట్లు కుంగిపోయే మన విద్యార్థులకు ఇంతకంటె మంచి కథ ఎక్కడ దొరుకుతుంది?

ఆ కంప్యూటర్ సైతం బరువు ఎక్కువైనప్పుడు ముఖ్యం కాని పనులను ప్రక్కకు నెట్టి ముఖ్యమైనవాటిని సాగించేలా రూపొందింది. నౌకలోని ఆ ఆదేశాలను రచించిన బృందానికి నాయకత్వం వహించినది మార్గరెట్ హామిల్టన్ అనే మహిళ. 1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టి రావడానికి ముందు, యంత్రం వేసిన లెక్కను క్యాథరిన్ జాన్సన్ సరిచూస్తే గాని బయలుదేరనన్నాడు. నల్లజాతివారిని వేరుగా కూర్చోబెట్టిన కాలంలో, ఆ రాష్ట్రంలో పని చేసిన నల్లజాతి గణితవేత్త ఆమె. 1963లో తెరిష్కోవా సుమారు మూడు రోజులలో 48 సార్లు భూమిని చుట్టింది. బట్టల మిల్లులో పని చేసిన ఆమె సాధించిన విజయాన్ని లోకమంతా కొనియాడింది. కాని మరొక మహిళకు ఆ అవకాశం లభించడానికి 1982 వరకు, అంటే 19 ఏళ్లు పట్టింది. 'తొలి మహిళ' అని చెప్పి ఊరుకుంటే తలుపు తెరుచుకున్నట్లు తోస్తుంది. రెండవ మహిళ ఎప్పుడని అడిగితేనే ఆ తలుపు వెంటనే మూతపడిన సంగతి తెలుస్తుంది.

మన పిల్లలకు చెప్పేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. పుష్పకవిమానం ఉన్నది గనుక మన పూర్వులు ఏనాడో ఆకాశంలో విహరించారని కొందరు ఉత్సాహంగా బోధిస్తారు. జీవితమంతా ప్రాచీన కావ్యాలను చదువుకొని, చదివించినవాణ్ణి గనుక ఈ మాట చెప్పే చనువు నాకున్నది. పుష్పకం కవి ఊహ. అది చిన్న మాట కాదు. ఎగరాలన్న కోరికను తరతరాలుగా ఆరిపోకుండా కాపాడినది ఆ ఊహయే. కాని ఊహను చరిత్ర అంటే రెండింటికీ అపచారం. కావ్యం కోరికను పుట్టిస్తుంది, శాస్త్రం దారి వేస్తుంది. ఏది ఏదో చెప్పడం గురువు ధర్మం.

ఈ విజయాల వెనుక ఉన్న చీకటిని కూడా మరుగుపరచరాదు. గగారిన్‌ను మోసిన రాకెట్టుకు మూలం అణ్వస్త్రాలను మోయడానికి తయారైన క్షిపణి. అమెరికా చంద్రయానానికి రాకెట్టును రూపొందించిన వెర్నర్ వాన్ బ్రాన్, అంతకుముందు జర్మనీకి నిర్మించిన వి-2 క్షిపణులు నిర్బంధ కార్మికుల చెమటతో, ప్రాణాలతో తయారైనాయి. రెండు దేశాల వైరం లేకపోతే ఇంత వేగంగా ఇంత ధనం వెచ్చించేవారు కారు. మంచి ఫలం చెడ్డ నేలలో కూడా పండవచ్చు. అంతమాత్రాన నేల మంచిదని చెప్పనక్కర లేదు.

ఇదంతా చెప్పడానికి ఖరీదైన సాధనాలేవీ అక్కరలేదు. ఒక ఫుట్‌బాల్‌ను భూమి అనుకోమనండి. చంద్రుడు సుమారు టెన్నిస్ బంతి అంత ఉంటాడు. ఆ రెండింటినీ ఎంత దూరంలో ఉంచాలో పిల్లలనే చెప్పమనండి. చాలామంది జానెడు దూరంలో ఉంచుతారు. నిజానికి ఆరున్నర మీటర్లు, అంటే తరగతి గది ఈ గోడ నుండి దాదాపు ఆ గోడ వరకు. గగారిన్ చేరిన గరిష్ఠమైన ఎత్తు 327 కిలోమీటర్లు. ఆ ఫుట్‌బాల్‌పై అది అర సెంటీమీటరు మాత్రమే. అర సెంటీమీటరు నుండి ఆరున్నర మీటర్లకు చేరడానికి మానవునికి ఎనిమిదేళ్లు పట్టింది. ఈ లెక్కను చేతులతో కొలిచి చూచిన బాలుడికి తేదీలను వల్లె వేయించనక్కర లేదు. అవే గుర్తుంటాయి.

మన తీరంలోని శ్రీహరికోట నుండి భారతీయులను రోదసికి పంపే గగన్‌యాన్ కోసం 2023 అక్టోబరు 21న ఒక పరీక్ష జరిగింది. ఆపద వస్తే వ్యోమగాములను రాకెట్టు నుండి తప్పించి క్షేమంగా దింపే ఏర్పాటుకు అది పరీక్ష. ప్రయోగానికి 5 క్షణాల ముందు కంప్యూటర్ తనంత తానే ఆపివేసింది. దేశమంతా చూస్తూ ఉండగా లోపాన్ని కనుగొని, సరిదిద్ది, అదే ఉదయం 10 గంటలకు ప్రయోగించారు. గూడు సముద్రంలో భద్రంగా దిగింది. మనిషిని పంపడానికి ముందే తప్పించి తెచ్చే దారిని సిద్ధం చేయడం, ఆగిపోవలసి వస్తే అందరి ఎదుట ఆగడం ఆనాటి మరణాల నుండి లోకం నేర్చుకున్న వివేకం.

విద్యార్థులారా! మీ ఇంట తమ్ముడో చెల్లెలో ఏదో ఒక రాత్రి డాబా మీద చంద్రుణ్ణి చూపి, అక్కడికి మొదట ఎవరు వెళ్లారని అడగవచ్చు. పేరు చెప్పండి, కాని అక్కడితో ఆగకండి. ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రునిపై తిరుగుతూ ఉండగా పైన కక్ష్యలో మైకేల్ కాలిన్స్ ఒంటరిగా వేచి ఉన్నాడని చెప్పండి. వారిరువురూ పైకి రాలేకపోతే తానొక్కడే ఇంటికి పోవలసి వస్తుందన్న భయాన్ని గుండెలో దాచుకున్నాడని చెప్పండి. వారు బయలుదేరడానికి అవసరమైన ఒక చిన్న మీట విరిగిపోతే ఆల్డ్రిన్ కలంతో దానిని లోపలికి నొక్కాడని చెప్పండి. జులై 24న ముగ్గురూ పసిఫిక్ మహాసముద్రంలో దిగారని చెప్పి అప్పుడు ముగించండి. అంగదుని సందేహం తీరేది అక్కడే. ఆ కథ విన్న పసివాడు మరునాడు మిమ్మల్ని మరొక ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్నకు మీకు సమాధానం తెలియకపోతే, తెలియదని చెప్పి అతనితో కలసి వెదకండి.